పీపా పరిపాకము

మద్యమును గూర్చి మాటలాడ నేమి పని యని పెద్దలు కొందఱు నొసలు చిట్లింపవచ్చును. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముల కెదురు నిలిచిన సంగతి నేను మఱువలేదు. ఇది త్రాగుటకు పిలుపు కాదు. ఒక చేతిపనిని గూర్చిన విచారణ. మన పూర్వులును ఇందుకు సంకోచింపలేదు. కౌటిల్యుఁడు సురాధ్యక్ష ప్రకరణమున మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పేర్కొని వాని పాకములను గూడ వ్రాసెను.

సింగిల్ మాల్ట్ విస్కీ యనఁగా మొలకెత్తించిన బార్లీనుండి, అనఁగా మన యవలనుండి, ఒకే బట్టీశాలలో తయారైనది. యవలను నానఁబెట్టి, మొలకెత్తినతోడనే ఆరఁబెట్టి, పిండిచేసి, వేఁడినీటఁ గలిపి, ఆ తీపి రసమును పులియఁబెట్టి, రాగిపాత్రలలో సాధారణముగా రెండుమారులు బట్టీ పట్టుదురు. అప్పుడు వచ్చునది నీటివలె వర్ణహీనము, మిగుల ఘాటు. బంగారు వన్నెయు, మృదుత్వమును, సువాసనలో హెచ్చుభాగమును పిమ్మట పీపా యిచ్చునవే.

ఆ పీపాను జూడవలెను. ఓక్ పలకలను వంచి, మేకుగాని జిగురుగాని లేకుండ ఇనుప కట్లతో బిగింతురు. మా ఆటోనగర్‌లో ఇనుమును వంచువారికిఁ గొదువలేదు గాని, ఈ పని మర్మము బండిచక్రమునకు పట్టా వేయించు మన పల్లె వడ్రంగికే ముందుగాఁ దెలియును. పీపా లోపలివైపు నిప్పుతోఁ గాల్తురు. కాలిన కఱ్ఱ ఘాటును లాగికొనును; కఱ్ఱలోని తీపివాసన మద్యములోనికి దిగును. స్కాట్లండు చట్టము ప్రకారము కనీసము మూఁడేండ్లు అందుండవలెను. మన వైద్యులును ఆసవారిష్టములకు కుండలోపల నేయి పూసి, ధూపము వేసి, ధాతకీపుష్పములు చేర్చి, ధాన్యరాశిలో నుంతురు గదా! అయితే ఆసవము బట్టీ పట్టినది కాదు. ఆ భేదము మఱువరాదు.

ఇఁక రెండవ పీపా సంగతి. ఇంగువ కట్టిన గుడ్డ యని మనవా రందురు. అమెరికాలో బూర్బన్ అను మద్యమునకు క్రొత్తగాఁ గాల్చిన ఓక్ పాత్రలే వాడవలెనని శాసనము. అందుచే ఒకమారు వాడిన పీపాలు స్కాట్లండునకు అమ్ముడుపోవును. వానిలో ఏండ్లకొలఁది నుంచిన విస్కీని, తుదకు స్పెయిన్ దేశపు షెర్రీ అను ద్రాక్షాసవ ముండిన పీపాలోనికి మార్చి కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో యుంతురు. ఎండుద్రాక్షవాసన దానికి తగులును. మితి మీఱెనా, యవల గుణమే మఱుగుపడును. ఎప్పుడు తీయవలెనో ముక్కుతో నిర్ణయించుటయే నేర్పు. నేను దీనిని రుచి చూచినవాఁడను కాను. అయినను పోపు కూరను మ్రింగివేసినచో అది వంట యెట్లగును?

మన పొరుగున బెంగుళూరులో 1948లో స్థాపింపఁబడిన అమృత్ సంస్థ, ఉత్తరదేశపు యవలతోఁ జేసిన సింగిల్ మాల్టును 2004లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమందే విడుదల చేసెను. కొల్లేటివారికి చేపలమ్మఁ బోయినట్లున్నది! పీపాలోనుండి ఆవిరియై పోవు భాగమును అచ్చటివారు దేవదూతల వాటా యందురు. చల్లని స్కాట్లండున అది ఏఁటికి నూటికి రెండు పాళ్లు. బెంగుళూరున పదియు, అంతకుఁ బైనియు. లెక్కకట్టుఁడు: ఏఁటికి పదిపాళ్ల చొప్పునఁ బోయినచో 100 కొలతలు నాలుగేండ్లకు 66 అగును, స్కాట్లండున 12 ఏండ్లకును 78 మిగులును. ఆ వేఁడిమిచేతనే మనయొద్ద పరిపాకమును త్వరపడును. కనుక ఏండ్ల సంఖ్య యొక్కటే చూచి రెండు దేశముల సరకును తూఁచరాదు.

పెండ్లివిందులలోఁ బరువుకై అప్పుచేసి సీసాలు కొనువారు మన పల్లెలలోను గలరు. మన దేశమున విస్కీ పేర నమ్ముడగుదానిలోఁ జాలభాగము చెఱకు మడ్డినుండి తీసిన స్పిరిటు గలది. ఐరోపా సమాఖ్య చట్టము దానికి విస్కీ యను పేరే యొప్పుకొనదు. వన్నెయా, కాల్చిన చక్కెరతోను వచ్చును. అది స్కాట్లండునను చట్టసమ్మతమే. కావున సీసాను దీపమున కడ్డముపెట్టి చూచుట దండుగ. చీటిపై సింగిల్ మాల్టని యున్నదా, ఏ పీపాలనుంచి రని వ్రాసిరా యని చదువరులైన మీరు చూచి చెప్పవలెను. ఆ మాటలు లేకున్న, అంగడివాఁ డెంత ప్రమాణము చేసినను ఆ వెల యిప్పింపకుఁడు.