పోపులైన నవలా పాత్రలు

ఏటా జరిగే ఈ సభలో పోపుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. నవలల్లో పోపులైన పాత్రల గురించి అన్నాక స్థిమితపడ్డారు.

ముందుగా ఫ్రెడరిక్ రోల్ఫ్ సంగతి. ఈ ఇంగ్లీషాయన 1886లో క్యాథలిక్ మతం పుచ్చుకుని, గురుపట్టం కోసం తహతహలాడాడు. సెమినరీలు ఆయన్ని వద్దన్నాయి. రోములోని స్కాట్స్ కాలేజీ 1890లో బయటికి పంపేసింది. ఆ మంట 1904లో 'హేడ్రియన్ ద సెవెంత్' నవలైంది. అందులో జార్జ్ ఆర్థర్ రోజ్ అనే బీద రచయిత పిల్లిని పెంచుకుంటూ, సిగరెట్లు తగలేస్తూ లండన్‌లో కాలక్షేపం చేస్తుంటాడు. ఒకప్పుడు గెంటేసిన మతాధికారులే గుమ్మంలోకొచ్చి, తప్పయిందని గురుపట్టమిస్తారు. రోములో కార్డినళ్ల ఓట్లు ఎటూ తేలవు. ఎంపికను కొద్దిమందికి వదిలేస్తే వాళ్లు ఇతన్ని పోపును చేస్తారు. నమ్మశక్యం కాదంటారేమో! అలా కొందరికి అప్పగించే పద్ధతి చర్చి నియమాల్లో నిజంగానే ఉండేది. రెండో జాన్ పాల్ 1996లో దాన్ని ఎత్తేశాడు.

ఇది కక్ష తీర్చుకోవడానికి రాసిన పుస్తకమే. అయినా ఆ కక్షలో దాపరికం లేదు, అందుకే నాకిష్టం. పీఠమెక్కిన రోజ్ యూరప్ పటాన్ని చక్కదిద్దడం మొదలుపెట్టాక మాత్రం పేజీలు కదలవు. ఈ కోవ నవలలకు పట్టిన జబ్బే అది. పోపు కావడం కథ. పోపుగా ఉండటం ఉపన్యాసం. (ఉపన్యాసకుణ్ణి, నేనే అంటున్నాను.)

మోరిస్ వెస్ట్ నవల 'ద షూస్ ఆఫ్ ద ఫిషర్‌మన్' 1963 జూన్ 3న, ఇరవైమూడో జాన్ పోపు కన్నుమూసిన రోజునే, వెలువడింది. సోవియట్ నిర్బంధంలో పదిహేడేళ్లు మగ్గిన ఉక్రెయిన్ మతాధికారి కిరిల్ లకోతా అందులో పోపవుతాడు. 1978లో పోలెండ్ కార్డినల్ వొయ్తీవా పోపుగా (రెండో జాన్ పాల్‌గా) ఎన్నికవగానే వెస్ట్‌ను జ్యోతిష్కుణ్ణి చేశారు. 1979లో వాల్టర్ మర్ఫీ తన నవలలో అమెరికా ప్రధాన న్యాయమూర్తిని పోపును చేసి ఫ్రాన్సిస్ పేరే పెట్టాడు. తర్వాత నిజంగానే ఫ్రాన్సిస్ పోపు వచ్చాడు, 2025లో అమెరికాలో పుట్టిన పద్నాలుగో లియో కూడా వచ్చాడు. జ్యోతిషం కాదిది. ఏ కాలపు భయం ఎటువైపుంటే నవలాకారుడు అటువైపు నుంచి మనిషిని తెస్తాడు, అంతే. 2016లో రాబర్ట్ హారిస్ 'కాన్‌క్లేవ్' నవలకు కార్డినల్ బెనితెజ్‌ను బాగ్దాదు నుంచి తెచ్చాడు. 2024 సినిమాలో అది కాబూల్ అయింది. హారిస్ గడుసువాడు, ఎంపికతో కథ ఆపేశాడు.

లియోను ఎన్నుకున్న 2025 మే ఎన్నికలో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్, తొలి తెలుగు కార్డినల్ పూల ఆంథోనీ ఓటేశారు. లోపల జరిగింది చెప్పనని అందరిలాగే ఆయనా ప్రమాణం చేశారు. కాబట్టి తెలుగు నవలాకారుడికి అడ్డేమీ లేదు. ఒక్కటే నా మనవి: తొలి వంద పేజీల్లోనే ఓట్ల లెక్క తేల్చేయకండి.