ఇంటి లెక్క – నమ్మదగిన సలహా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డబ్బు గురించి చెప్పేవారికి మన వీధుల్లో కొదువ లేదు. బీమా ఏజెంటు ఇంటికే వస్తాడు. బ్యాంకుకు పోతే కౌంటరు దగ్గర కుర్రాడు కూర్చోబెట్టి చెబుతాడు. చీటీలవారు సరేసరి. వీరిలో చాలామంది మంచివారే, కొందరు మన బంధువులు కూడా. కాని మనం ఏదో ఒకటి కొంటేనే వారికి రాబడి. "ఇప్పుడేమీ కొనవద్దు, ముందు అప్పు తీర్చండి" అంటే ఆ పూట వారికి దక్కేది సున్న. యీ సంగతి మనసులో పెట్టుకొని తక్కిన మాటలు వినవలసిందిగా కోరుతున్నాము.

కొన్నేళ్ళ క్రితం ఒక కుటుంబం మన సంఘం సహాయం కోరి వచ్చింది. పేరు వద్దు. ఇంటి యజమాని దమ్మాములో వెల్డరు. పద్నాలుగేళ్ళు డబ్బు పంపారు. అక్కడే గుండెపోటుతో కన్నుమూశారు. ఇక్కడ భాభీ ట్రంకుపెట్టె తెరిస్తే ఆరు బీమా పాలసీలు బయటపడ్డాయి. రెండు అప్పటికే లాప్సయినవి. మిగతా నాలుగింటికీ కలిపి వచ్చింది ఆరు లక్షల చిల్లర. అదే పెట్టెలో బంగారం తాకట్టు రసీదు, ఎవరికో చీటీకి హామీ పడిన కాగితం, ఇంటి స్లాబు కోసం తెచ్చిన అప్పు తాలూకు నోటు. అన్నీ కూడితే తొమ్మిది లక్షలు దాటాయి. వాటి సంగతి ఆమెకు అంతవరకు తెలియదు. ముగ్గురు పిల్లలు, పెద్దమ్మాయి ఇంటరు. ఆరు పాలసీలు అమ్మినవారిలో ఒక్కరైనా "భాయ్, మీకు అప్పెంత వుంది? మీరు లేకపోతే ఇల్లు ఎన్నాళ్ళు గడవాలి?" అని అడిగినట్లు కనపడదు.

ఎందుకు అడగలేదో లెక్క చెబుతుంది. ఏటా 25 వేలు, 20 ఏళ్ళు కట్టే ఎండోమెంటు పాలసీ తీసుకుంటే, మనిషి పోయినపుడు ఇంటికి వచ్చేది సుమారు అయిదు లక్షలు, దానిపై బోనసు. ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతుడు అందులో సగం కంటే తక్కువ ప్రీమియంతో టర్మ్ పాలసీ తీసుకుంటే 50 లక్షల రక్షణ దొరుకుతుంది. బ్రతికి వుంటే టర్మ్ పాలసీలో తిరిగి రాదు, నిజమే. కాని మిగిలిన డబ్బు మన చేతిలోనే వుంటుంది కదా! చాలాకాలం పాటు ఎండోమెంటు వంటి దీర్ఘకాల పాలసీలపై మొదటి ఏటి ప్రీమియంలో 35 శాతం వరకు కమీషను ఇవ్వవచ్చునని నిబంధన వుండేది. అంటే పైన చెప్పిన 25 వేలలో 8,750 రూపాయలు. 2023లో ఆ విడివిడి హద్దులు తీసివేసి, మొత్తం ఖర్చుల పరిమితికి లోబడి కంపెనీలే నిర్ణయించుకోవచ్చునన్నారు. ఇక చిన్న ప్రీమియం పాలసీ గురించి ఎవరు ఓపికగా చెబుతారు?

బీమా సమ్మతమా కాదా అన్నదానిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. అది మేము తేల్చేది కాదు, మీ ఆలిమును అడగండి. అయితే తీసుకోనివారు కూడా లెక్క మాత్రం తప్పించుకోలేరు. ఆ లోటు బంగారంతో పూడుస్తారా, ఇంటి అద్దెతోనా, అన్నదమ్ముల మాటతోనా? గల్ఫుకు పోయే ఈసీఆర్ పాస్‌పోర్టువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన వుంది. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షలు. ఆ 10 లక్షలు గుండెపోటుకు రావు. ఈ సంగతి తెలిసి విమానం ఎక్కేవారెందరు?

అమెరికాలో జార్జ్ కిండర్ అనే ఆయన యీ పనిని మరోవైపు నుంచి మొదలుపెట్టారు. డబ్బుకు ముందు మనిషి జీవితాన్ని అడగాలని ఆయన పద్ధతి. దానిని నేర్పడానికి 2003లో ఒక సంస్థ కూడా స్థాపించారు. ఆయన అడిగేవి మూడు. సరిపడా డబ్బు వుంటే ఎలా బ్రతుకుతారు? అయిదు పదేళ్ళకు మించి బ్రతకరని వైద్యుడు చెబితే ఏం మారుస్తారు? ఒక్కరోజే మిగిలివుంటే ఏది చేయకుండా పోతున్నామని బాధపడతారు? అమెరికావారికి యిది కొత్తగా తోచిందేమో! మన నానమ్మలను మూడో ప్రశ్న అడిగి చూడండి. "అప్పు తీర్చలేదు, మెహర్ ఇవ్వలేదు, చిన్నదాని పెళ్ళి కాలేదు" అని ఠక్కున చెబుతారు. చక్కని ప్రణాళికకు కావలసిన వరుస అందులోనే వుంది. వారసత్వం పంచేముందు వసియ్యత్, అప్పులు చెల్లించాలన్నది మనవారందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఆ అప్పులెంత అన్నదే.

మరి సలహా ఎవరిని అడగాలి? మన దేశంలో సెబీ 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చింది. రిజిస్టరయినవారు మన దగ్గర ఫీజు తీసుకోవాలి. తాము సలహా ఇచ్చే మనిషికి అమ్మిన పథకంపై కమీషను పుచ్చుకోరాదు. వారి రిజిస్ట్రేషను నెంబరు ఐ.ఎన్.ఏ. అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అలాంటివారు మనవంటి ఊళ్ళలో అరుదు. పైగా మాటకు ఫీజంటే మనవాళ్ళకు నచ్చదు. "ఊరికే చెప్పేవాడుండగా డబ్బెందుకు?" అంటారు. ఊరికే చెప్పినవాడికి 8,750 ఎక్కడినుంచి వచ్చిందో ఇందాకే చూశాము.

హలాల్ అన్నమాట వినపడితే కళ్ళు మూసుకోవడం ఇంకో జబ్బు. 2018లో హైదరాబాదులో, 2019లో బెంగుళూరులో ఏం జరిగిందో మీకు చెప్పనక్కరలేదు. వడ్డీ కాదు, లాభంలో వాటా అన్నారు. నెలనెలా ఇస్తామన్నారు. పెన్షను డబ్బు, కూతుళ్ళ నగలమ్మిన డబ్బు పోసి వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాయి. వ్యాపారమన్నాక ఒక నెల నష్టం కూడా రావాలి కదా, ప్రతినెలా లాభమే ఎలాగని అడిగినవారు తక్కువ. 2019లో నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన పోయిన డబ్బు తిరిగి రాదు.

మనకు ఒక సదుపాయం వుంది, దాన్ని సగమే వాడుకుంటున్నాము. జకాత్ ఇచ్చే ప్రతి ఇంట్లో ఏడాదికొకసారి బంగారం, నగదు, రావలసినవి, ఇవ్వవలసినవి లెక్క వేస్తారు. ఏడున్నర తులాల బంగారమా, యాభై రెండున్నర తులాల వెండా, నిసాబ్ దేనితో చూడాలి అని చర్చ కూడా చేస్తారు. రెండున్నర శాతం తీసి పక్కన పెట్టగానే ఆ కాగితం చించేస్తారు! చించకండి. దాని కిందనే ఇంకొన్ని వరుసలు రాయండి. నెలకు ఇంటి ఖర్చెంత, ఎవరెవరు మనమీద ఆధారపడ్డారు, ఎక్కడెక్కడ హామీ సంతకం పెట్టాము, పిల్లల చదువు ఏ యేడు, హజ్ ఎప్పుడు. ప్రతి ఖాతాకు నామినీ ఎవరో కూడా రాయండి. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే డబ్బు చేతికి తీసుకొనేవారే తప్ప ఒక్కరే వారసులని కాదు. ఇది తెలియక అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు కోర్టులకెక్కుతున్నారు. కాగితం రాసేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. "ఆడవాళ్ళకెందుకు యీ గొడవ" అనే పెద్దలున్నారు. ట్రంకుపెట్టె తెరవవలసింది ఆమే కదా.

సంఘం యీ ఏడు చేయదలచింది చిన్నపని. ఏ పథకాన్నీ మనం సిఫారసు చేయము, ఏ కంపెనీ బల్లా హాలులో వేయనివ్వము. షాబాన్ నెలలో నాలుగు శుక్రవారాలు అసర్ నమాజు తర్వాత ఆఫీసులో అచ్చువేసిన లెక్క కాగితాలు ఇస్తాము. నింపడానికి సాయం చేసేందుకు రిటైరయిన బ్యాంకు ఉద్యోగి ఒకరు, లెక్కల టీచరమ్మ ఒకరు ఒప్పుకున్నారు. ఇద్దరూ ఏజెంట్లు కారు, వారి ఇంట్లోనూ ఏజెంట్లు లేరు. అడిగి మరీ తెలుసుకున్నాము. నింపిన కాగితం మీరే ఇంటికి తీసుకుపోవాలి. సంఘం దగ్గర నకలు వుండదు.