బెయిలు వచ్చింది, మనిషి ఇంకా రాలేదు
(సికింద్రాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)



‘బెయిలు వచ్చిందట’ అన్న కబురు బస్తీలో వినపడగానే అందరమూ ఊపిరి పీల్చుకుంటాము. చాలా కుటుంబాలకు అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ఇరవై అయిదు వేల రూపాయల బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు అని ఉత్తర్వులో ఒక వాక్యం ఉంటుంది. వారాసిగూడలో ఆటో నడుపుకునేవానికి, రసూల్‌పురాలో బండి మీద పండ్లు అమ్ముకునేవానికి ఆ వాక్యమే జైలు తలుపుకు రెండో తాళం. ఉత్తర్వు చేతిలో ఉండగానే మనిషి చంచల్‌గూడలో రోజులు లెక్కపెడుతుంటాడు. ఇంట్లో కిరాయి పేరుకుపోతుంది, పిల్లల చదువు ఆగుతుంది.

ఉద్యోగ విరమణ తరువాత ఇటువంటి కుటుంబాల కాగితాలు సరిచూసే పనిలో ఉన్నవారము గనుక, మేము తరచుగా చూసేది ఒకటి చెప్పాలి. ఆ మొత్తాన్ని వెంటనే నగదుగా కట్టాలని తల్లులు భయపడి ఒంటి మీది బంగారం కుదువ పెడతారు, గిరిగిరి అప్పు తెస్తారు. బాండు అంటే సాధారణంగా నగదు చెల్లింపు కాదు. నిందితుడు వాయిదాలకు హాజరు కాకపోతే అంత సొమ్ము చెల్లిస్తామన్న రాతపూర్వకమైన హామీ మాత్రమే. జామీనుదారులు దొరకనప్పుడు నగదు జమకు అనుమతించమని కోర్టును కోరే వీలును చట్టమే కల్పించింది. కాని అది మన కోరికే తప్ప, తప్పనిసరి షరతు కాదు.

ఆ మొత్తమే మోయలేనిదైతే ఏమి చేయాలి? 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 484వ సెక్షన్ చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 440వ సెక్షన్. బాండు మొత్తాన్ని కేసు పరిస్థితులను బట్టి నిర్ణయించాలి, అది అధికంగా ఉండరాదు అని ఆ సెక్షన్ స్పష్టంగా అంటున్నది. పోలీసులు గాని మేజిస్ట్రేటు గాని విధించిన మొత్తాన్ని తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు, హైకోర్టుకు ఉన్నది. అంటే తగ్గించమని అడగడం బతిమాలుకోవడం కాదు, చట్టం ఇచ్చిన దారిన నడవడం.

ఈ దారిని వెడల్పు చేసినవాడు ఒక తాపీ మేస్త్రీ. 1978లో మోతీరామ్ అనే మధ్యప్రదేశ్ కార్మికునికి సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. అక్కడి మేజిస్ట్రేటు పది వేల రూపాయల జామీను అడిగారు. సోదరుడు జామీను ఉంటానంటే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని నిరాకరించారు. మోతీరామ్ మళ్ళీ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద అతనిని విడుదల చేయమన్నారు. దూర ప్రాంతంలో అరెస్టయిన తెలుగువాడు, తమిళుడు స్థానిక జామీనును ఎక్కడ నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే ప్రశ్నించారు. మరుసటి ఏడు హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహార్ జైళ్ళలోని పేదల దుస్థితి దేశం ముందుకు వచ్చింది. డబ్బు ఒక్కటే కొలత కారాదని, ఆ ఊరిలో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, ఏమి పని చేస్తున్నాడు, కుటుంబ బంధాలేమిటి అన్నవి చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది.

కనుక పిటిషనులో ‘మేము పేదవారము’ అన్న ఒక్క మాట చాలదు. దానిని కాగితం చూపాలి. ఆహార భద్రత కార్డు, మీసేవ ద్వారా తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, కిరాయి ఒప్పందం, పిల్లల బడి కాగితాలు, ఇంట్లో రోగులుంటే వైద్య పత్రాలు, యజమాని ఇచ్చిన ఉత్తరం జతచేయాలి. బెయిలు ఉత్తర్వు నకలు, జామీను కోసం చేసిన ప్రయత్నాల వివరం కూడా ఉండాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోయినా నిరాశ వద్దు. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయసహాయపు హక్కు ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరికొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చిన ఏడు రోజులలో విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా బాండు సమర్పించలేకపోతే షరతులను సడలించే విషయాన్ని కోర్టే స్వయంగా పరిశీలించవచ్చు. బెయిలు పొందగల నేరాలలో అయితే వారంలోగా జామీను తేలేనివానిని పేదవానిగా భావించి సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టాలని 478వ సెక్షన్ అంటున్నది. కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం మార్గదర్శకాలు విచారణ ఖైదీకి నలభై వేల రూపాయల వరకు సహాయానికి వీలు కల్పించాయి. ఉపా, మత్తుపదార్థాల చట్టం వంటి కొన్ని కేసులకు అది వర్తించదు. ఈ గడువులను కుటుంబం గుర్తుంచుకొని అడిగితేనే అవి కదులుతాయి.

ఒక హెచ్చరిక. కోర్టు ఆవరణలో కిరాయి జామీనుదారులను చూపే దళారులు ఉంటారు. వారి చేతిలోని పన్ను రసీదు, జీతపు పత్రం నకిలీవని తేలితే ఒక కేసు రెండవుతుంది. వారి వద్దకు పోకుండా ఉండాలంటే జామీనుకు మన మధ్యనే మనుషులు లేవాలి.

ఇక్కడ మేము మన సముదాయాన్నే అడుగుతున్నాము. కూతురి పెండ్లికి వేలు ఇచ్చే చుట్టాలు జామీను మాట వినగానే ముఖం చాటేస్తారు. ‘పోలీసులు మమ్మల్నీ చూస్తారు’ అని భయం. జామీను ఉండడం నేరాన్ని సమర్థించడం కాదు. హాజరు బాధ్యతను పంచుకోవడం. అతడు పారిపోతే బాండు సొమ్ము చెల్లించవలసి రావచ్చు, ఆ సంగతి దాచము. నమ్మకం పోయిన నాడు తనను తప్పించమని కోర్టును కోరే హక్కు జామీనుదారునికి ఉన్నది. కాబట్టి తెలిసినవానికి నిలబడండి, వాయిదా తేదీలు రాసిపెట్టుకోండి, ముందురోజు ఫోను చేయండి.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జనాభాలో మన వాటా కన్నా ఆ వరుసలో మన వాటా ఎక్కువ. వారి నేరం ఇంకా రుజువు కాలేదు. వారిలో బెయిలు వచ్చీ జామీను లేక లోపలే మిగిలినవారిని చూడండి. వారిని ఆపుతున్నది నేరం కాదు, లేమి. ప్రతి మసీదు కమిటీ పరిధిలో జామీను ఉండగల పదిమంది పేర్లు, కాగితాలు చూడగల ఇద్దరు చదువరుల పేర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఏ తల్లి అయినా అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు ఆ పుస్తకం తెరిచేందుకు ఒకరు సిద్ధంగా ఉండాలి.