క్యాన్సరు రోగులకు బూజు వలని ముప్పు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

వానకు తడిసిన గడ్డివామిని విప్పునపుడు బూడిదవంటి పొడి లేచుట మీరెరిగినదే. అందు కంటికి కానరాని బూజు విత్తనములు కోట్లకొలది యుండును. వానిని మనమందరము నిత్యము పీల్చుచునే యున్నాము. రక్తములోని తెల్లకణములు వానిని ఎప్పటికప్పుడు మ్రింగివేయుటచే మనకు హాని కలుగుట లేదు.

క్యాన్సరు చికిత్స పొందువారి సంగతి వేరు. క్యాన్సరును చంపు మందులు ఎముకల మూలుగను సైతము దెబ్బతీయును. మందెక్కించిన ఒకటి రెండు వారములలో తెల్లకణములు మిక్కిలి తగ్గును. వానిలో బూజును ఎదిరించు ముఖ్యమైన కణములు ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు 1,500కు పైగా ఉండును. అవి 500కు లోపు దిగినచో ప్రమాదము. రక్త క్యాన్సరు రోగులలో ఈ స్థితి పలుదినములు సాగవచ్చును. అప్పుడు ఆస్పర్జిల్లస్ అను బూజు ఊపిరితిత్తులలో వేరూనగలదు. మ్యూకర్ జాతి బూజు అరుదైనది, మరింత క్రూరమైనది. ముక్కున మొదలై కంటికి, మెదడుకు ప్రాకును.

2021లో కోవిడ్ విజృంభించిన వేళ బ్లాక్ ఫంగస్ పేరుతో జనులను భయపెట్టినది ఇదియే. నాడది మధుమేహము అదుపున లేనివారికి, స్టెరాయిడ్లు వాడినవారికి అధికముగా సోకినది. ఇది మనిషి నుండి మనిషికి అంటునది కాదు. కనుక రోగిని వెలిగా చూచుట తగదని మేము మరీ మరీ మనవి చేయుచున్నాము.

దీనికి మందు కలదు. 1950 దశకమున వెనిజులా దేశపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించిన ఆంఫోటెరిసిన్-బి నేటికిని ప్రాణములు నిలుపుచున్నది. చెడిన కండను శస్త్రచికిత్సతో తొలగించుటయు అవసరము కావచ్చును. అయితే జాగు చేసినచో ఏ మందును అక్కరకు రాదు.

ఇక మీ కర్తవ్యము. చికిత్స మధ్య ఊరు వచ్చిన రోగి ఇంటి చెంత పాతగోడలు కూల్చుట, పెంటకుప్ప తిరగవేయుట, వామి విప్పుట కొన్నాళ్ళు ఆపించుడు. ఆపుటకు వీలులేనిచో రోగిని ఆ దినములలో దూరపు ఇంట నుంచుడు. జ్వరము 100.4 డిగ్రీలకు చేరినను, ముఖము ఒక ప్రక్క వాచినను, ముక్కునగాని అంగిటనుగాని నల్లమచ్చ కనిపించినను, ఊరిలో సూది వేయించి ఊరకుండరాదు. అర్ధరాత్రియైనను 108 వాహనమును పిలిపించి, చికిత్స కాగితములతో పెద్దాసుపత్రికి పంపవలెను.

ఆసుపత్రిలో దక్కిన ప్రాణము ఊరి దుమ్మువలన పోరాదు. ఈ బాధ్యతను ప్రతి వార్డు సభ్యుడును, సభ్యురాలును తనదిగా స్వీకరింతురని ఆశించుచున్నాము.