సైనిక పాలన – ప్రజా సమ్మతి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



హైదరాబాదునకు పోయి, తార్నాకలో బస్సు దిగి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిడ్డను చేర్పించి వచ్చిన తండ్రులు ఈ సభలో పలువురు కలరు. తార్నాక యను పేరునకు పెద్దలు చెప్పెడి అర్థ మొకటి కలదు. తార్ అనగా తీగ. నాకా అనగా కాపలా చౌకి. తీగకంచెయు చౌకియు నున్న చోటు గనుక తార్నాక యైనదందురు. ఒక ప్రక్క కాపలావాని చౌకి, ఒక ప్రక్క చదువుల కొలువు. ఈ రెంటికి నడుమ తెలుగునాట జరిగిన ఒక పెద్ద వ్యవహారమే నేటి ప్రసంగ విషయము. ఆయుధము చేతబట్టినవాడు రాజ్యమేలినప్పుడు ఆ ఏలుబడికి ధర్మబద్ధత ఎచ్చటినుండి వచ్చును? ప్రజలు ఒకరినొకరు నమ్మక చీలియున్న దేశమున దానిని తూచుటకు తూనిక యేది?

తూనిక కొరకు దూరము పోనక్కరలేదు. అది రామాయణముననే కలదు. భరతుడు పదునాలుగేండ్లు కోసల రాజ్యమును పాలించెను. అతనికి పట్టాభిషేకము లేదు. ప్రజలు అతనిని రాజుగా కోరుకొనలేదు. అయినను ఆ పాలనను అధర్మమని యెవ్వరు ననలేదు. కారణము లేమి? అతడు సింహాసనముపై పాదుకల నుంచి, తాను నందిగ్రామమున కూర్చుండెను. అనగా రాజ్యము తనది కాదని మొదటనే ఒప్పుకొనెను. గడువు నిండగనే రాజ్యమును తిరిగి యిచ్చెను. ఇచ్చుచు ఊరకుండక కోశము, కోష్ఠాగారము, సైన్యము పదిరెట్లు పెరిగినవి, చూచుకొనుమని లెక్క యొప్పజెప్పెను. గడువునకు తిరిగి యిచ్చుట, లెక్క యొప్పజెప్పుట – ఈ రెండే తాత్కాలికాధికారమునకు ధర్మము. అందు ఒకటి జరిగి రెండవది జరుగనిచో సగము ఋణము తీరినట్లే గాని పత్రము రద్దు కాదు.

ఇక హైదరాబాదు సంగతి. ప్రభువుది ఒక మతము, ప్రజలలో అధికసంఖ్యాకులది వేరొక మతము. దర్బారు భాష ఉర్దూ. పల్లెల భాషలు తెలుగు, మరాఠీ, కన్నడము. భూమి జాగీర్దారులది, దేశముఖులది, చెమట రైతుది. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథపు టొడంబడిక జరిగినను శాంతి నిలువలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై పడిరి. 1948 ఆగస్టులో భైరానుపల్లి రక్తసిక్తమైనది. భారత యూనియనులో చేరుట మేలని వ్రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాను ఆ నెలలోనే హత్య చేయబడెను. అతడు ముస్లిమే. కావున ఆ చీలిక కేవలము మతముల నడుమ చీలిక యని తలచుట పొరపాటు. అది అడుగనేర్చిన వారికిని, అడుగనీయని వారికిని నడుమ చీలిక కూడ.

1948 సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించెను. 17న నిజాము రేడియోలో లొంగుబాటును ప్రకటించెను. 18న మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా అధికారము చేకొనెను. రజాకార్ల బాధ తొలగినందులకు ఎన్నో పల్లెలు ఊపిరి పీల్చుకొనెను. అది సత్యము, దానిని దాచరాదు.

ఆ సైనికాధికారమునకు పునాది యేది? 19వ తేదీన నిజాము జారీచేసిన ఫర్మానా. ఎవనిని లోబరచుకొనిరో వాని చేవ్రాలుతోనే గవర్నరునకు అధికారము వచ్చినది. ఈ విచిత్రము ఊరక పోలేదు. 1949 ఆగస్టులో, 1358 ఫసలీలో, జాగీర్ల రద్దు శాసనము వెలువడినది. వేలాది గ్రామములకు జాగీరు పీడ వదలినది. అంతటి మేలైన శాసనము అరుదు. కాని అట్టి శాసనము చేయుటకు సైనిక గవర్నరునకు హక్కు ఎక్కడిదని జాగీరు పక్షమువారు న్యాయస్థానముల కెక్కిరి. 1960లో సుప్రీంకోర్టు శాసనము చెల్లునని తీర్పు చెప్పినది. ఏ కారణముచేత? నిజాము నిరంకుశ ప్రభువు. శాసనము చేయు అధికారము సమస్తము అతనిదే. ఆ అధికారమును ఫర్మానాల ద్వారా గవర్నరునకు ఇచ్చెను గనుక. అనగా జాగీర్లను తొలగించిన శాసనము సైతము జాగీర్లకు మూలపురుషుడైన నిరంకుశత్వపు భుజముపైనే నిలువవలసి వచ్చెను. రైతు సమ్మతిని అడిగిన కాగిత మందు లేదు. మేలు జరిగినది, అడుగుట జరుగలేదు. ఈ రెండును వేరువేరు పద్దులు. ఒకదానిలో జమ యున్నదని రెండవదాని బాకీ తీరదు.

అడుగకపోవుటచే ఏమి నష్టమందురా? సాయుధ పోరాటములో పట్టుబడిన కమ్యూనిస్టు కార్యకర్తలను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించి, కొందరికి మరణశిక్షలు విధించెను. వారి పక్షమున 1951లో సుప్రీంకోర్టునకు పోగా, రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది గనుక దాని ప్రాథమిక హక్కులు అంతకుముందటి విచారణలకు వర్తింపవని న్యాయస్థానము చెప్పినది. ఆ ఉరిశిక్షలు తుదకు అమలు కాలేదు గాని, ఒక తేదీకి ఈవల మనిషికి ఒక విలువ, ఆవల మరొక విలువ యగుట ఆనాడు అందరును చూచిరి.

విశ్వవిద్యాలయపు కథయు నిట్టిదే. 1918లో ఉస్మానియా స్థాపింపబడినప్పుడు బోధన ఉర్దూలో నుండవలెనని ఫర్మానా నిర్ణయించెను. పరభాషయైన ఆంగ్లము గాక దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట గొప్ప సాహసమే. కాని పల్లెలనుండి వచ్చిన తెలుగు, మరాఠీ, కన్నడ బాలురకు ఉర్దూ ఇంటిభాష కాదు. 1938లో వసతిగృహములలో 'వందేమాతరము' పాడిన విద్యార్థులను వెడలగొట్టగా వారిలో పలువురు నాగపూరు పోయి చదువుకొనిరి, పి. వి. నరసింహారావు వారిలో నొకరు. 1948 తరువాత ఉర్దూ బోధన తొలగి ఆంగ్లము వచ్చినది. ఈసారి పరితపించినవారు ఉర్దూలో చదివిన విద్యార్థులు, బోధించిన ఉపాధ్యాయులు. మొదటి నిర్ణయము ఫర్మానాతో, రెండవ నిర్ణయము ఎన్నిక లేని ప్రభుత్వముతో. రెండు పర్యాయములును నలుబది యేండ్ల లోపలనే ఒకే బడిలో జరిగెను. రెండు పర్యాయములును ప్రజల నడిగినవారు లేరు. ఒకనాడు గెలిచినవాడు మరునాడు ఓడుటయే అడుగని పాలనయందలి నియమము. అందుచేత గెలిచినవారు సైతము దానిని చూచి సంతోషింపరాదు.

గడువు మాట కొత్తము. 1949 చివర సైనిక గవర్నరు పాలన ముగిసెను. 1950 జనవరి 26న ఎం. కె. వెల్లోడి ముఖ్యమంత్రి యయ్యెను. అతడు అధికారియే గాని ప్రజలెన్నుకొన్నవాడు కాడు. 1952లో వయోజనులందరి ఓటుతో తొలి ఎన్నికలు జరిగి, మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి యయ్యెను. అనగా మూడున్నర యేండ్లకు రాజ్యము ప్రజల చేతికి వచ్చినది. ఆ ఎన్నికలలో నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమునుండి రావి నారాయణరెడ్డి మూడు లక్షలకు పైగా ఓట్లతో పార్లమెంటునకు ఎన్నికయ్యెను. దేశమున ఎవ్వరికిని, జవహర్‌లాల్ నెహ్రూకు సైతము, అన్ని ఓట్లు రాలేదు. కమ్యూనిస్టు పార్టీపై అప్పటికిని నిషేధము గలదు. ఆయన ప్రజాస్వామ్య కూటమి పేర నిలిచెను. సేనలు ఏ తావుల తిరుగుబాటు నణచుటకు తిరిగెనో ఆ తావుల ప్రజలు తమ మనసును ఒక కాగితపు ముక్కతో చెప్పిరి. తుపాకి మూడేండ్లు వెదకినను తెలియని సంగతి ఓటుపెట్టె ఒక దినమున తెలిపినది.

మొదటి ధర్మము ఆలస్యముగానైనను నెరవేరినది. ఆలస్యమునకు మాత్రము వడ్డి పడినది. సైనిక పాలన యందును, వెల్లోడి కాలమందును ఇతర రాష్ట్రములనుండి ఉద్యోగులు వచ్చి చేరిరి. స్థానికుల మొర వినుటకు శాసనసభ లేదు. ఆ మొర 1952 సెప్టెంబరులో, ప్రజాప్రభుత్వము వచ్చిన ఆరు నెలలకు, ముల్కీ ఆందోళనగా బయల్వెడలినది. నగరమున సిటీ కాలేజి కడ పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణములు పోయెను. ఎన్నికైన ప్రభుత్వమును తుపాకి నెత్తెను గదా, భేదమేమి యని యెవరైన నడుగవచ్చును. భేదమిది: ఆ ప్రభుత్వము జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి చేత విచారణ జరిపింపవలసి వచ్చెను, సభలో సమాధానము చెప్పవలసి వచ్చెను. ఎన్నికైనవాడు తప్పు చేయడని కాదు. తప్పు చేసినప్పుడు అడుగువాడు కలడని.

ఇక రెండవ ధర్మము, లెక్క. సేనలు ప్రవేశించిన దినములలోను, ఆ పిదపను ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ఘోరములు జరిగెను. వాటిని తెలిసికొనుటకు భారత ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్ నాయకత్వమున ఒక బృందమును పంపినది. ఆ బృందము 1948 నవంబరు, డిసెంబరు నెలలలో గ్రామములు తిరిగి, 27,000 మొదలు 40,000 వరకు ప్రాణములు పోయియుండునని అంచనా కట్టెను. రజాకార్ల దౌష్ట్యమును అది దాచలేదు. కొన్ని తావుల సైనికులు, పోలీసులు సైతము దోపిడిలోను ఇతర నేరములలోను పాలుగొనిరనియు వ్రాసెను. ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. 2013లో గాని, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయమున, సామాన్య పాఠకుడు దానిని చదువ వీలు కలుగలేదు. చనిపోయినవారి బిడ్డలు ముసలివారై పోయిన పిదప లెక్క పుస్తకము తెరవబడినది.

ఒకే సెప్టెంబరు ఒక ఇంట దీపము పెట్టినది, ఒక ఇంట దీప మార్పినది. రెండిండ్లును ఈ దేశమువే. సెప్టెంబరు 17ను ఒకరు విమోచన దినమందురు, ఒకరు విలీన దినమందురు, ఒకరు సమైక్యతా దినమందురు, 2024లో ప్రజాపాలన దినమనియు జరిపిరి. ఒక్క తేదీకి ఇన్ని పేర్లుండుట పండుగకు గాదు, ముగియని లెక్కకు గుర్తు. రెండిండ్ల లెక్కయు ఒకే పుస్తకమున వ్రాయబడిన నాడు ఆ దినమునకు ఒక పేరు చాలును.

లెక్క అడిగిన దేశమున ఏమి జరిగినదో చూడుడు. కొరియా రెండుగా చీలిన దేశము. దక్షిణ కొరియాలో 1980 మే 18న, సైనిక శాసనము నడచుచుండగా, క్వాంగ్జూ నగరమున చొన్నం విశ్వవిద్యాలయపు వాకిట విద్యార్థులకును సైనికులకును ఘర్షణ మొదలై, పిదప నగరమే నెత్తుట తడిసెను. ఆ ప్రజలు మరువలేదు. 1996లో నాటి సేనానులైన మాజీ అధ్యక్షులు ఇరువురికి న్యాయస్థానము శిక్ష వేసెను. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మరల సైనిక శాసనమును ప్రకటింపగా, కొన్ని గంటలలో 190 మంది సభ్యులు శాసనసభకు చేరి ఏకగ్రీవముగా దానిని త్రోసివేసిరి. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానము అతనిని పదవినుండి తొలగించెను. పాత లెక్క చదివినవారు గనుకనే కొత్త అప్పు పుట్టనీయలేదని చెప్పవచ్చును.

భారతదేశమును కొంత నేర్చినది. 1975 నాటి అత్యవసర పరిస్థితి అనుభవముతో 1978లో 44వ సవరణ వచ్చినది. నాటినుండి అత్యవసర ప్రకటనను ఒక నెలలో పార్లమెంటు ఆమోదింపవలెను. ఆరు నెలల కొకసారి మరల ఆమోదము పొందవలెను. ప్రాణరక్షణ హక్కును ఏ కాలమందును నిలిపివేయరాదు. ఇవన్నియు గడువులే, భరతుని పాదుకలే.

మరల తార్నాకకు వత్తము. 1969లోను, 2009లోను ప్రత్యేక తెలంగాణము కొరకు విద్యార్థులు లేచినప్పుడు ఆ ఆవరణ పోలీసు బలగములతో నిండెను. ముళ్ళతీగలు చూచి ఇది సైనిక పాలన యేమోయని అనుకొన్న తల్లులు కలరు. కాని చిక్కు తీరినది తీగవలన గాదు. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు శాసనము చేసినది. జూన్ 2న తెలంగాణము ఏర్పడినది. ఆ శాసనమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ అంగీకరింపలేదు. ఆ వెలితి నేటికిని కొందరి మనసున కలదు. దానిని కూడ లెక్కలో వ్రాయవలెను. గెలిచినవాని సంతోషము దానంతట అదే నిలుచును. ఓడినవాని మాట వ్రాసియుంచిన గాని నిలువదు.

ఆ వ్రాసియుంచు చోటే గ్రంథాలయము. నిజాము కాలమున సభ జరుపుకొనుటకు గస్తీ నిషాన్ 53 చొప్పున సర్కారు అనుమతి కావలసి యుండెను. నేడు ఏ అనుమతియు లేక ఈ రజతోత్సవము జరుగుచున్నది. దాచిన నివేదిక తుదకు వెలుగు చూచినది ఒక గ్రంథాలయముననే. కావున ఈ యూరి బీరువాలో రజాకార్ల చేత చచ్చినవారి కథయు, సెప్టెంబరులో చచ్చినవారి కథయు ఒకే అరలో నుండవలెను. ఏ బిడ్డ వచ్చి ఏ పుస్తక మడిగినను ఇవ్వవలెను. లెక్క అడుగనేర్చిన గ్రామమునకు ఎవరు వచ్చినను గడువు చెప్పియే వత్తురు.

స్వస్తి.