అంతా డ్రాయింగులోనే ఉందా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో డ్రాయింగ్ ఆఫీసు విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ సంగతులు, మెడికల్ కార్డుల సంగతులు కార్యదర్శిగారు చెప్పేశారు. నాకు అప్పగించిన విషయం “ఇంజనీరింగ్ పని విదేశాలకు తరలింపు – ఉద్యోగుల స్పందన”. నన్నే ఎందుకు మాట్లాడమన్నారో తెలుసు. మా అబ్బాయి పాతికేళ్ళకు పైగా హైదరాబాదులో అమెరికా నుంచి వచ్చిన పనే చేస్తున్నాడు. పని దొరికినవాళ్ళ పక్షాన నాలుగు మాటలు చెబుతానని అనుకొని ఉంటారు. అయితే పని పోయినవాళ్ళలో కూడా నేనొకణ్ణి. అందుచేత రెండు వైపులా చెప్పవలసి ఉంది.

ముందు పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాలో విమానాలు తయారుచేసే బోయింగ్ సంస్థ 1998లో మాస్కోలో డిజైన్ కేంద్రం తెరిచింది. అక్కడి ఇంజనీర్లు సమర్థులు, జీతాలు తక్కువ. సియాటిల్‌లోని ఇంజనీర్లకు సహజంగానే గుబులు పుట్టింది. 2000 సంవత్సరంలో అక్కడి ఇంజనీర్లు, టెక్నీషియన్లు 40 రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మె ముఖ్యంగా జీతాలు, వైద్య బీమా గురించే అయినా, “మమ్మల్ని లెక్కచేయడం లేదు” అన్న బాధ కూడా అందులో ఉంది. టై కట్టుకున్నవాళ్ళు ప్లకార్డులు పట్టుకుని వీధిలో నిలబడటం అక్కడివాళ్ళకూ కొత్తే.

2001లో అదే సంస్థలోని హార్ట్-స్మిత్ అనే ఇంజనీరు ఒక పత్రం సమర్పించారు. పని బయటికి ఇచ్చేస్తే లాభం కూడా బయటికి పోతుందనీ, ముక్కలు ఒకదానికొకటి అతకనప్పుడు ఖర్చంతా తిరిగి అసలు కంపెనీ నెత్తినే పడుతుందనీ అందులో వాదించారు. ఆ తరువాత వచ్చిన 787 విమానంలో డిజైను, తయారీ రెండింటిలోనూ పెద్ద భాగం బయటి సంస్థలకే అప్పగించారు. 2007 జూలైలో దాన్ని జనానికి చూపించినప్పుడు చాలా చోట్ల తాత్కాలికపు బిగింపులే ఉన్నాయి. 2008లో ఇవ్వవలసిన మొదటి విమానాన్ని 2011 సెప్టెంబరులో ఇచ్చారు. అవసరానికి మించి పని బయటికి ఇచ్చామని ఆ విభాగం అధిపతి జిమ్ ఆల్బా 2011లో ఒప్పుకున్నారు.

దీన్నిబట్టి బయటివాళ్ళకు పని రాదని అనుకోకండి. మన హైదరాబాదులోనే ఆదిభట్ల దగ్గర అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. వాళ్ళ చేతుల్లో నేర్పు ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, కాగితం మీద ఉన్నదే పని మొత్తం అనుకోవడం దగ్గర. ఆ చిక్కు నేను స్వయంగా చూశాను. చూడటమేమిటి, నేనే తెచ్చిపెట్టాను.

మన ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పొడవాటి హాలు, వాలు బల్లలు, మూల గదిలో అమ్మోనియా ప్రింట్ల ఘాటు. 1996లో ఆ పనిని బయటి కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. ముప్ఫై ఇద్దరిలో కొందరు వీ.ఆర్.ఎస్. తీసుకున్నారు, కొందరిని స్టోర్సుకు పంపారు. నన్ను మాత్రం కాంట్రాక్టు కుర్రాళ్ళకు పాత డ్రాయింగులు అప్పగించి వివరించమన్నారు. ట్రేసింగులు చూసి కంప్యూటర్లో మళ్ళీ గీయడం వాళ్ళ పని.

వాళ్ళలో ఒక అబ్బాయి చాలా బుద్ధిమంతుడు. పాలిటెక్నిక్ చదివి వచ్చాడు. ప్రతి డ్రాయింగు ముగిశాక “ఇంకేమైనా ఉందా సార్?” అని అడిగేవాడు.

ఒకరోజు గేర్‌బాక్సు మూత డ్రాయింగు వచ్చింది. ఆ మూత పోతపోసి చల్లారే వేళ ఒక పక్క కొంచెం కుంగేది. అందుకని ఆ పక్కన మెషినింగ్ కోసం మరో 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. అది డ్రాయింగులో లేదు. మన ప్యాటర్న్ షాపు మేస్త్రీకి తెలుసు, నాకు తెలుసు. నా చేతిపుస్తకంలో పెన్సిలుతో రాసి ఉంది. ఆ పుస్తకం అప్పుడు నా జేబులోనే ఉంది.

“ఇంకేమైనా ఉందా సార్?” అన్నాడు.

“ఏముంది బాబూ, అంతా డ్రాయింగులోనే ఉంది” అన్నాను.

ఎందుకన్నాను? మా ఆఫీసు మూసినవాళ్ళు పై అంతస్తులో ఉన్నారు. వాళ్ళ ముందు నోరు విప్పలేదు. ఎదురుగా కూర్చున్నవాడు నెలకు రెండు వేలకు పనిచేసే కుర్రాడు. కోపం వాడి మీద తీర్చుకున్నాను.

కొత్త డ్రాయింగుతో బయట ఫౌండ్రీలో కొత్త ప్యాటర్ను చేయించారు. నలభై మూతలు వచ్చాయి. మెషినింగ్‌లో ఆ పక్క గీయడానికి లోహమే మిగల్లేదు. నలభై తుక్కులో పడ్డాయి. డ్రాయింగు మీద ఆ అబ్బాయి పొడి సంతకం ఉంది. వారం తిరక్కుండా వాణ్ణి పంపేశారు. విచారణలో నన్నెవరూ అడగలేదు. అడగలేదు గనుక నేనూ చెప్పలేదు.

ఇక రెండవ వైపు. 2005లో విమాన భాగాలు తయారుచేసే ఒక అమెరికా కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి ఆరు వారాలు హైదరాబాదు వచ్చాడు, మా అబ్బాయి బృందానికి పని నేర్పడానికి. నేర్పడం పూర్తయ్యాక అక్కడ ఆయన ఉద్యోగం ఉండదు. నేర్పకపోతే ముగింపు సొమ్ము రాదు. ఈ సంగతి మావాడికి కూడా తరువాతే తెలిసింది.

ఒక ఆదివారం భోజనానికి పిలిచాం. మా ఆవిడ కారం తగ్గించి పప్పు, వంకాయ కూర చేసింది. ఆయన కళ్ళు అలమారలో ఉన్న నా ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు మీద పడ్డాయి. తీసి చేతికిచ్చాను. తనూ బోర్డు మీదే మొదలుపెట్టానన్నాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆ మధ్యాహ్నం మాకు మాటలకు కరువు రాలేదు.

చివరి రోజున మావాడు ఆయన్ని అడిగాడట, “ఇంకేమైనా ఉందా సార్?” అని. ఆయన బ్యాగులోంచి పాత నోటుబుక్కులు నాలుగు తీసి, జిరాక్సు తీసుకోమన్నాడు. కంపెనీ మీద తనకు చెప్పలేనంత కోపం ఉందనీ, అయితే ఆ భాగం అమర్చిన విమానంలో ఎక్కేవాళ్ళు కంపెనీవాళ్ళు కాదనీ చెప్పాడట. మావాడు ఆ రాత్రి సంబరంగా ఈ మాట చెబుతుంటే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

మిత్రులారా, ఆయన మంచితనం వల్ల ఆ కంపెనీ చేసింది మంచిదైపోదు. ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని ఆరు వారాల్లో ఇంకొకరి చేతిలో పెట్టమనడం, దానికి ఆయన సొమ్మునే తాకట్టు పెట్టడం అన్యాయం. పని తరలించేవాళ్ళు ముందుగా చెప్పాలి. నేర్పినందుకు విడిగా ఇవ్వాలి. పాతవాళ్ళను కొందరినైనా ఉంచుకోవాలి. వీటి కోసం పోట్లాడటానికే యూనియన్లు ఉన్నాయి. పోట్లాట పై అంతస్తుతో జరగాలి. నేను చేసింది అది కాదు.

ఇప్పుడు మా అబ్బాయికి యాభై ఏళ్ళు. వాళ్ళ పనిలో కొంత ఇంకా చవకగా చేసే మరో దేశానికి పోతోంది. అక్కడి పిల్లలకు నేర్పమని మావాడికే చెప్పారు. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు “నేనెందుకు చెప్పాలి నాన్నా, ఉన్న డ్రాయింగులు పంపితే చాలదా?” అన్నాడు. అప్పుడు మొదటిసారి వాడికి గేర్‌బాక్సు మూత కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి “ఆ అబ్బాయి ఏమయ్యాడు?” అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెతకలేదు.

అందుకే ఈ వేదిక మీదికి వచ్చాను. ఆ అబ్బాయికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఇష్టపడతాడో లేదో తెలియదు గనుక పేరు ఇక్కడ చెప్పను. 1996, 97లలో కాంట్రాక్టు డ్రాయింగ్ సెక్షనుతో పరిచయం ఉన్నవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి, పేరు చెబుతాను. జాడ తెలిస్తే చాలు. వెళ్ళి తప్పు నాదని వాడి ఇంట్లోవాళ్ళ ముందు చెప్పి వస్తాను. ఎనభై దాటాయి, ఎక్కువ వ్యవధి లేదు.