తెల్లకాగితం మీద సంతకం
(బరంపురం కార్మికుల సమావేశంలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగం)



మిల్లులో నాలుగు నూలు కండెలు లెక్కకు రాకపోతే మొదట ఎవరిని పిలుస్తారో మనందరికీ తెలుసు. ఆ షిఫ్టులో ఉన్నవాడిని. "తప్పయిందని ఒక ముక్క రాసివ్వు, ఇక్కడితో వదిలేస్తాం" అంటారు. ఉద్యోగం నిలబడితే చాలని మనవాడు రాసిస్తాడు. ఆ ముక్క గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాం.

నేరం మోపబడిన మనిషిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. ఈ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలోనూ ఉంటుందని గట్టిగా చెప్పిన తీర్పు మన ఒడిశా కేసులోనే వచ్చింది. మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథిని 1977లో కటక్ విజిలెన్స్ పోలీసులు పిలిపించి, ప్రశ్నల జాబితా చేతికిచ్చారు. ఆమె జవాబు చెప్పలేదు. చెప్పనందుకే కేసు పెట్టారు. 1978 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిస్తూ, బలవంతమంటే లాఠీ ఒక్కటే కాదన్నారు. అడిగిందే అడిగి అలసగొట్టడం, భయపెట్టే వాతావరణం కూడా బలవంతమేనన్నారు. లాయరును దగ్గర ఉంచుకోవచ్చన్నారు. ఆడమనిషిని స్టేషనుకు రప్పించడాన్నీ తప్పుపట్టారు. అయితే, తనను నేరంలో ఇరికించని ప్రశ్నలకు మాత్రం ఆమె జవాబు చెప్పవలసిందేనన్నారు.

ఆమెకు లాయర్లున్నారు, మగ్గం నడిపేవాడికెవరున్నారు అంటారా? న్యాయమైన ప్రశ్నే. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికుడికి ఉచితంగా లాయరు సహాయం పొందే హక్కుంది. బరంపురంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతి. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో రుజువు కాదు. మన మాట వల్ల సరుకు దొరికితే ఆ మేరకే చెల్లుతుంది. వాళ్లు రాసుకున్న వాంగ్మూలం మీద మన సంతకం కూడా తీసుకోకూడదు. 2024 జులైలో కొత్త చట్టాలు అమలులోకి వచ్చాక కూడా ఇవి మారలేదు. కాని మేనేజరు పోలీసు కాడు! ఆఫీసు గదిలో రాసిచ్చిన కాగితానికి ఈ అడ్డు లేదు. బెదిరించో ఆశపెట్టో రాయించారని తేలితే కోర్టు దాన్ని పక్కన పెడుతుంది. "వదిలేస్తాం" అనడం ఆశపెట్టడమే. అయితే ఆ మాట విన్న సాక్షి ఎవరు?

డొమెస్టిక్ ఎంక్వయిరీలో 20(3) అక్కరకు రాదు, అది క్రిమినల్ కేసు కాదు కనుక. అక్కడ మౌనంగా కూర్చుంటే పని కాదు. చార్జిషీటుకు గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు యూనియన్‌కు చూపించాకే ఇవ్వండి.

గంజాం నుంచి సూరత్ వెళ్లిన మనవాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడ కాగితం గుజరాతీలో ఉంటుంది. చదివి వినిపించమనండి. వినిపించకపోతే సంతకం వద్దు, వేలిముద్రా వద్దు. తప్పించుకోలేని పరిస్థితి వస్తే సంతకం పక్కనే "నాకు చదివి చెప్పలేదు" అని తెలుగులోనే రాసి తేదీ వేయండి.

ఇప్పటికే రాసిచ్చినవాళ్లు మీలో ఉండవచ్చు. సిగ్గుపడవద్దు. ఏ తేదీన, ఏ గదిలో, ఎవరెవరు ఉండగా, ఏం చెప్పి రాయించారో మరిచిపోకముందే రాసుకుని యూనియన్ ఆఫీసుకు రండి. బలవంతంగా రాయించారని తెలుపుతూ మేనేజ్‌మెంటుకు రిజిస్టర్ పోస్టులో పంపుదాం. ఆలస్యమైన కొద్దీ ఆ ఉత్తరానికి విలువ తగ్గుతుంది.